లైన్లోనే ఉండమ్మా

ఫోను పట్టుకున్న చెయ్యి మోచేతి కాడ నుంచి తిమ్మిరెక్కి తనది కానట్టయిపోయింది. రెండో చేతికి మార్చుకుందామంటే ఆ చెయ్యి ఒళ్లోని వైరుబుట్ట మీద ఉండాది, బుట్టలో టవలు కింద పాత జాకెట్టు గుడ్డలో మూటగట్టిన నగలుండాయి, చెయ్యి తీస్తే ఆ మూట తనంతట తానే లేచిపోతుందేమోనని భయం. అదీగాక మార్చుకునేటప్పుడు వేలు యాడ తగిలి ఫోను కట్టయిపోతుందో. కట్టయితే అంతే. ఆయన చెప్పినాడు గదా, మీరు పెట్టేస్తే నా చేతుల్లో ఏమీ ఉండదమ్మా, కేసు రాసేస్తారు, పేపరువాళ్లు గుమ్మంలోనే ఉన్నారు అని. చంద్రకాంతమ్మ కిటికీ వైపుకు ఇంకొంచెం ఒదిగి కూర్చునింది. బస్సు కాణిపాకం దాటి పూతలపట్టు దోవ పట్టింది. ఐరాలలో ఎక్కినప్పటి నుంచీ ఫోను చెవికి అంటుకునే ఉండాది, కండక్టరు అడిగినప్పుడు గూడా తిరుపతి అని పెదాలతోనే చెప్పింది. ఫోను లోపల ఇప్పుడు మాటల్లేవు. ఏదో గది, ఎవరో బూట్లతో అటూఇటూ తిరిగే చప్పుడు, గరగరమని ఒక మిషను, దూరంగా సార్ సార్ అని ఎవరో. మధ్యమధ్యలో ఆయన గొంతు. 'ఉన్నారామ్మా?' 'ఉండాను సార్.' 'లైన్లోనే ఉండమ్మా.' మళ్లీ ఆ గది, ఆ బూట్లు. ఆ గదిలోనే యాడో ఒక మూల కూతురు రూప కూర్చొని ఉంటుంది, తల వంచుకొని, చున్నీ మొహానికి కప్పుకొని.

పొద్దున మొగుడికి గానుగ కాడికి క్యారియరు కట్టి పంపించి, చేతికంటిన సంగటి కడుక్కుంటా ఉంటే ఫోను మోగింది. చూస్తే రూప పేరు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే గానీ ఆమెకు రావు, కానీ ఆ పేరు మాత్రం చదవనక్కర్లేదు, అలవాటైన ముగ్గు మాదిరి చూడంగానే తెలిసిపోతుంది. ఈ ఫోను తెచ్చిచ్చిందీ, అందులో తన పేరు ఎక్కించిందీ రూపే. పచ్చది ఎత్తేదానికి, ఎర్రది పెట్టేసేదానికి అని చూపించి, నా పేరు పడితేనే ఎత్తు, తెలీని నంబర్లొస్తే ఎత్తొద్దు, రోజులు మంచివి గావు అని బుద్ధులు చెప్పి తిరుపతికి పోయింది, నర్సు చదువుకు. ఆ మాట ఆమె ఒక్కనాడూ తప్పలేదు. రూప పేరు పడింది, ఎత్తింది. రూప గొంతు లేదు. ఎక్కిళ్లు పెట్టి ఏడుస్తా ఎవరో ఆడపిల్ల, అమ్మా, అమ్మా అని. 'రూపా, ఏమైంది పాపా, హాస్టల్లో ఏమన్నా అయిందా?' అని ఈమె అరిచింది. అప్పుడు మగగొంతు వచ్చింది, అరుపు లేదు, తొందర లేదు, ఆస్పత్రిలో డాక్టరు మాట్లాడినట్టు. 'రూప వాళ్లమ్మగారేనా? నేను తిరుపతి నుంచి ఎస్సైని మాట్లాడుతున్నాను. మీ పాప ఫోను నుంచే చేస్తున్నాను, నంబరు చూసుకోండి. రాత్రి లాడ్జీలు రెయిడ్ చేశాం. మీ పాప ఒక కుర్రాడితో దొరికింది.'

ఆ తర్వాత ఏం చెప్పినాడో వరస గుర్తులేదు. హాస్టలు పిల్ల, చదువుకునే పిల్ల, నాకూ కూతుళ్లున్నారమ్మా అన్నాడు. పేపర్లో పేరు పడితే ఊళ్లో మీరు తలెత్తుకోగలరా అన్నాడు. పైవాళ్లకు, పేపరువాళ్లకు ఏదో ఒకటి చూపించి నోరు మూయించాలి, ఇంట్లో నగలుంటే తీసుకుని బయలుదేరండి, బస్టాండులో మా మనిషి కలుస్తాడు, మీ పాపను మీ చేతికి అప్పజెప్తాడు అన్నాడు. ఇంట్లో మగవాళ్లకు చెప్పొద్దు, చెబితే ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు అన్నాడు. అది మాత్రం నిజం, ఆమెకే బాగా తెలుసు. మొగుడు దేవరాజులుకు చెప్పడమంటే... ఈపాటికి ఆయన గానుగ కాడ పెనం ముందర నిలబడి ఉంటాడు, చెరకుపాలు పొంగుతా ఉంటాయి, ఆవిరిలో మొహం గూడా కనబడదు. కాలవ నీళ్ల తగువులో మాటామాటా పెరిగిందని తోడబుట్టినోడితోనే మాటలు మానేసినాడు, అన్నదమ్ములు ఎదురుపడితే ఈయన దోవ దిగి చేలోకి పోతాడు. అట్లాటి మనిషి, ఆడపిల్లకు తిరుపతిలో చదువేంది, ఊళ్లో డిగ్రీ చాలదా అని గోడకు తిరిగి పడుకుంటే, రెండు దినాలు అన్నం ముట్టకపోతే, పక్కన కూర్చొని ఆమే గదా అనింది, మాట రాకుండా చూసుకునే పూచీ నాది అని. పూచీ. ఎంత సులభంగా వచ్చేసింది ఆ మాట నోట్లోంచి.

పక్కన కూర్చున్న ముసలామె ఇందాకటి నుంచి ఈమెనే చూస్తా ఉండాది. పూతలపట్టులో బస్సు నిలబడినప్పుడు ఇంక ఉండబట్టలేక, 'ఎవురమ్మా ఫోన్లో, ఇంతసేపు? ఇంటాయనా?' అనింది. ఈమె తలూపింది. 'నువ్వేం మాట్లాడకుండా వినేదేనా? మా ఇంటోడు అక్కమ్మా అని ఒక్కసారి పిల్సి నా మాట విన్న పాపాన పోలేదు.' అక్కమ్మ నవ్వింది. అంతే, ఫోనులో బూట్ల చప్పుడు ఆగిపోయింది. 'ఎవరమ్మా అది? ఎవరితో మాట్లాడుతున్నారు?' 'ఎవరూ లేరు సార్, పక్కన ముసలామె.' 'పక్కకు తిరగండి. మీ పాప బతుకు మీ చేతుల్లో ఉంది. చార్జింగు ఉందా ఫోనులో?' 'ఉండాది సార్.' 'లైన్లోనే ఉండమ్మా.' అక్కమ్మ ఒడి విప్పి వేయించిన చెనిక్కాయలు పిడికెడు తీసి ముందుకు చాచింది. ఈమెకు పట్టుకునేదానికి చెయ్యి లేదు. 'ఉండు, బుట్టలో పోస్తా' అని అక్కమ్మ టవలు అంచు పట్టి ఎత్తబోయింది. చంద్రకాంతమ్మ ఒక్క విసురుగా బుట్టను పొట్టకు హత్తుకునింది. చెనిక్కాయలు చెదిరి కాళ్ల కింద పడినాయి. అక్కమ్మ మొహం చిన్నబోయింది. వంగి ఒకటొకటే ఏరుకునింది. తప్పమ్మా, తప్పు, నిన్ను కాదు అని చెప్పాలని ఉండింది, మాట రాలేదు, వస్తే ఆయన వింటాడు. ఇంతమంది మనుషుల నడుమ, ఇంత వెలుతురులో, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర ఒక తల్లి కూర్చొని ఉంటే, ఆమెతో ఒక్క మాట చెప్పుకునేదానికి లేదు. చెప్తే ఏమని చెప్పేది? నా కూతురు లాడ్జిలో దొరికింది అవ్వా అనా?

ఎవరు వాడు? కుర్రాడంటే ఎంత కుర్రాడు? పోయిన ఆదివారం రూప ఇంటికొస్తానని రాలేదు, డ్యూటీ వేసినారనింది. డ్యూటీయేనా? దీపావళికి వచ్చినప్పుడు మిద్దె మీద ఫోను పెట్టుకొని నవ్వతా ఉండింది, ఎవరే అంటే ఫ్రెండు అనింది. ఆ నవ్వు వేరే నవ్వు, అప్పుడే అనుకోవాల్సింది. పచ్చరంగు చుడీదారు కొత్తది, ఎవరు కొనిచ్చినారంటే నేనే కొనుక్కున్నా అనింది. జుట్టు కత్తిరించుకునింది. అన్నం తినేటప్పుడు దేన్నో తలుచుకొని ఉలిక్కిపడింది. ఒకటొకటి వెతికి తీసే కొద్దీ, నిన్నటిదాకా ఏమీ గానివన్నీ వరసగా వచ్చి సాక్ష్యం చెప్పి పోతా ఉండాయి. బయట మామిడితోటలు పూత మీద ఉండాయి, ఎండకు పూత వాసన బస్సులోకి వస్తా ఉండాది. తిరుపతి లాడ్జీలు ఆమె చూసిందే, రూప పుట్టువెంట్రుకలప్పుడు ఒక రాత్రి ఉన్నారు, సందులో మెట్లు, మెట్ల మీద తడిబట్టలు, గుండు కొట్టించుకున్న పిల్లలు గంధం పూసుకొని పరిగెత్తతా ఉండినారు, గదిలో చాప, కిటికీ రెక్క సగం విరిగింది. ఆ గదిలోనే ఇప్పుడు రూపను కూర్చోబెట్టింది ఆమె మనసు. ఆ చాప మీదనే. పచ్చ చుడీదారు వేసి. ఛీ, ఇదేం బుద్ధి నాది అని కళ్లు మూసుకునింది, మూసుకుంటే ఇంకా స్పష్టంగా కనపడింది.

'అమ్మా' అని ఏడ్చింది. ఆ ఒక్క మాట మాత్రం చెవిలో నుంచి పోవడం లేదు. అంత బాధలో గూడా ఆ మాట వినంగానే లోపల ఏదో కరిగి పాలు చేపుకొచ్చినట్టయింది, అదీ నిజం, దాచుకునేదేముంది. రూప ఆమెను అమ్మా అని ఎప్పుడు పిలిచింది గనక. కాపరానికి వచ్చేటప్పటికి ఇంటినిండా ఆడబిడ్డలు, మరుదులు, పొద్దున లేచినప్పటి నుంచి వదినా నీళ్లు, వదినా అన్నం, వదినా నా లంగా యాడ అని. చిన్నాడబిడ్డ జ్ఞానాంబ చంకలోనే పెరిగింది రూప. మాటలొచ్చే వయసులో నట్టింట్లో నిలబడి, 'వదినా, బువ్వ' అనింది. ఇల్లంతా పడీపడీ నవ్వినారు. అత్త కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఈమె గూడా నవ్వి, నవ్వతానే పెరట్లోకి పోయి, గడ్డివామి చాటున నిలబడి కండ్లు తుడుచుకునింది. అమ్మ అనవే, ఏదీ, అమ్మ అను అని రాత్రుళ్లు పక్కలో పెట్టుకొని నేర్పించింది, ఆ పిల్ల బుగ్గలు పట్టుకొని వదినా వదినా అని నవ్వేది. పెద్దయినాక అలవాటు మానుకోవే, వినేవాళ్లకు బాగుండదు అంటే, నోరు తిరగదు వదినా అనేది. అట్లాటి పిల్ల ఈ పొద్దు...

అట్లాటి పిల్ల ఈ పొద్దు అమ్మా అని ఎందుకనింది?

బస్సు గతుకుల్లో పడి లేచింది. చంద్రకాంతమ్మ నిటారుగా కూర్చునింది. ఎందుకనింది? ఇంకోటి, రూప అనే పేరు ముందు ఎవరు పలికినారు? నేనే గదా. రూపా, ఏమైంది పాపా అని నేనే అరిచినాను. హాస్టలు మాట గూడా నేనే అన్నాను. ఆయన నా నోట్లో మాటలు తీసుకొని నాకే అప్పజెప్పినాడు. కానీ పేరు, పేరు పడింది గదా ఫోనులో, రూప పేరు, దాని ఫోను వాళ్ల చేతిలోనే ఉండాది గదా. మరి ఎట్లా? పెదాలు తడుపుకునింది. 'సార్.' 'చెప్పమ్మా.' 'ఒక్కసారి పాపకియ్యండి సార్. నన్ను దినామూ ఎట్లా పిలుస్తుందో అట్లా ఒక్కసారి పిలవమనండి.' ఆ మెత్తటి గొంతులో మెత్తదనం పోయింది. 'ఏంటమ్మా, పోలీసులకే పరీక్షలు పెడుతున్నావా? పేరు రాసేయమంటావా?' ఆమె మాట్లాడలేదు. మాట్లాడేదానికి ధైర్యం లేక మాట్లాడలేదు, అదే మొండితనం మాదిరి వినబడిందేమో, గుసగుసలు వినిపించినాయి, మళ్లీ ఏడుపు. 'అమ్మా... కాపాడమ్మా... అమ్మా...'

కాదు. రూప కాదు. కానీ నూటికి నూరుపాళ్లు ఎట్లా చెప్పేది? రూపను కనేటప్పుడు చిత్తూరు ఆస్పత్రిలో తను అమ్మా అనే గదా అరిచింది. తన తల్లి తను పాలు మరవక ముందే పోయింది, ఆమె మొహం గూడా తెలియదు, అయినా నొప్పికి ఆ మాటే వచ్చింది. పోలీసుల నడుమ, అంత అవమానంలో, రూపకు గూడా ఆ మాటే వచ్చి ఉండొచ్చు గదా? మొట్టమొదటిసారి నా బిడ్డ నన్ను అమ్మా అని పిలిస్తే, నువ్వు నా బిడ్డవు గాదు పో అని ఫోను పెట్టేస్తానా? బొటనవేలు ఎర్ర మీట మీదికి పోయింది, వెనక్కు వచ్చింది. పాణపాకం వచ్చింది, ఎవరో దిగినారు, ఎవరో ఎక్కినారు, బస్సు కదిలింది. బస్టాండు దగ్గరపడతా ఉండాది. పెట్టేస్తే కేసు. పెట్టకపోతే నగలు. కేసంటే పేపరు. పేపరంటే ఐరాల, టీ అంగడి బల్ల మీద పరిచిన పేపరు, ఆయన మొహం, గోడకు తిరిగి పడుకునే ఆయన వీపు. అక్కడిదాకా పోయి ఆమె ఆలోచన ఆగింది. సరే, పడింది. పేపర్లో పడింది. పడితే? బిడ్డ చచ్చిపోయిందా? ఎవణ్ణన్నా చంపిందా? నేను పోయి దాని చెయ్యి పట్టుకొని, నడిరోడ్డు మీద పట్టపగలు నడిపించుకొని ఇంటికి తెచ్చుకుంటాను. ఆయన మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. ఊరు నవ్వితే నవ్వనీ. లాడ్జికి పోయిందే అనుకో, దానికేమన్నా కొమ్ములొచ్చినాయా, రూపే గదా. ఇంతసేపూ తనను ఈ సీట్లో కట్టిపడేసింది పోలీసు గాదు, కేసు గాదు, ఆ టీ అంగడి బల్లే. 'ఉన్నారామ్మా?' అన్నాడు ఆయన. 'రాసుకో పో' అనింది ఆమె. పైకే అనింది, అక్కమ్మ ఉలిక్కిపడింది. ఎర్రది నొక్కింది.

ఎంత నిశ్శబ్దం. ఇంజను రొద, కిటికీ అద్దాల మోత, అన్నీ ఒక్కసారిగా చెవుల్లోకి వచ్చినాయి. ఊపిరి తీసుకునేలోపల మోగింది. రూప. తెర మీద అదే పేరు. ఎత్తబోయిన చెయ్యి గాల్లోనే నిలబడిపోయింది. నిజంగా రూపేనా? వాడేనా? ఆ పేరుకు మొహం లేదు. కోపంతో గూడా అదే పేరు, ఏడుపుతో గూడా అదే పేరు. మోగి మోగి ఆగింది, మళ్లీ మోగింది, ఒళ్లో పామును పెట్టుకున్నట్టు పట్టుకొని కూర్చునింది. వచ్చేది ఎవరిదైనా కావచ్చు. నేను చేస్తే? నేను నొక్కితే పొయ్యేది యాడికి? దాని చేతిలో ఉండే దాని ఫోనుకే గదా పోవాల. మోత ఆగిన సందులో పేరు వెతికి పచ్చది నొక్కింది. రింగు పోయింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ వాడిది వచ్చింది, పెట్టేసింది. మళ్లీ చేసింది. రింగు. రింగు. తిరుమల కొండ ఎడమపక్క నీలంగా పైకి లేస్తా ఉండాది, చెయ్యెత్తి మొక్కేదానికి గూడా తోచలేదు. 'ఏంది వదినా, ల్యాబులో ఉండాను, ఎన్నిసార్లు చేస్తావు?' గొంతు తగ్గించి, విసుక్కుంటా, రూప. చంద్రకాంతమ్మ ఫోనును రెండు చేతులతో చెవికి అదుముకునింది. 'వదినా? ఏమైంది? యాడుండావు?' 'బస్సులో' అనింది. 'బస్సులోనా?' 'చంద్రగిరి వస్తా ఉండాది.' ఇంక ఆపుకోలేక ఏడ్చింది. అక్కమ్మ తన చెంగుతో ఈమె మొహం తుడిచి, పిడికిట్లో ఉండే చెనిక్కాయలు ఈసారి బుట్ట జోలికి పోకుండా ఈమె చేతిలో పెట్టింది.

నీ పేరుతో ఎవరో మగమనిషి ఫోను చేసి బస్టాండుకు రమ్మన్నాడని మాత్రం ఏడుపు నడుమ చెప్పగలిగింది. బస్టాండుకు పోవద్దు, చంద్రగిరిలో దిగి ఆడ్నే కూర్చో, నేనొస్తా అనింది రూప. దిగి బస్సు షెల్టరులో కూర్చునింది. ఫోను ఇంకొన్నిసార్లు మోగి, తర్వాత మోగడం మానేసింది. రూప తెల్లకోటు చేతి మీద వేసుకొని ఆటో దిగి గబగబా వచ్చింది. పచ్చ చుడీదారే. చంద్రకాంతమ్మ చూపు తిప్పుకునింది. ఇంతసేపు ఆ చాప మీద కూర్చోబెట్టిన రూప, ఎదురుగా వచ్చే ఈ రూప, ఇద్దరూ ఒకటిగా కలవడం లేదు. రూప పక్కన కూర్చొని, ఫోను తీసుకొని, వచ్చిన కాల్స్ అన్నీ చూసింది. 'నా పేరే. అన్నీ నా పేరే. నేను ఒక్కటి గూడా చెయ్యలేదు వదినా. కంప్యూటర్లో నుంచి చేస్తే ఏ నంబరు కావాలంటే ఆ నంబరు పడేటట్టు చేస్తారంట. ఇంక మీద నా పేరు పడినా ఎత్తొద్దు, అనుమానమొస్తే పెట్టేసి నువ్వే చెయ్యి.' ఫోను తల్లి చేతికిచ్చి, 'మా హాస్టలు పిల్లల నంబర్లు, ఇంటోళ్ల నంబర్లు ఎట్లనో వాళ్లకు చిక్కినట్టుండాయి. మా రూములో మహిత వాళ్లమ్మకు గూడా ఇట్లే వచ్చింది. మహిత లాడ్జిలో దొరికిందని చెప్పినాడంట' అనింది. చంద్రకాంతమ్మ రోడ్డు వైపు చూస్తా ఉండిపోయింది. 'నగలు గిగలు ఏమీ పోలేదులే. ఆమె వినంగానే, అది నా బిడ్డే గాదు, ఏమన్నా చేసుకోండి అని ఫోను పెట్టేసిందంట. తర్వాత సంగతి తెలిసినాక మహిత ఇంటికి పోవడం మానేసింది. పండగలకు గూడా హాస్టల్లోనే.'

ఒక లారీ పోయింది, దుమ్ము లేచి అణిగింది. 'నీకేమని చెప్పినాడు వదినా?' 'యాక్సిడెంటని' అనింది చంద్రకాంతమ్మ. ఆ అబద్ధం పూచీ మాట మాదిరే సులభంగా వచ్చేసింది. 'ఆస్పత్రిలో ఉండావు, తొందరగా రా అన్నాడు.' రూప టవలు తీసి గుడ్డమూట చూసింది. ముడి విప్పలేదు, వేళ్లతో పైనుంచి తడిమింది, ఇంట్లో ఉండేదంతా ఆ మూటలోనే ఉందని వేళ్లకే తెలిసిపోయినట్టుండాది. మళ్లీ టవలు కప్పింది. యాక్సిడెంటుకు నగలెందుకు అని అడగకుండా తల్లి మొహంలోకి చూసింది. చంద్రకాంతమ్మకు చూపు దాచుకునేదానికి చోటు దొరకలేదు.

'నమ్మినావా?' అనింది రూప.

'నమ్మినాను పాపా.'

తిరుపతి వైపు నుంచి చిత్తూరు బస్సు వచ్చి ముందర నిలబడింది, ఎవరూ ఎక్కకపోతే పోయింది.

'నమ్మి గూడా వచ్చినావు' అనింది.